లేని కవ్వం

కవ్వమే లేని ఇంట్లో మజ్జిగ చిలికారని ఎవరైనా చెబితే మనం నవ్వుతాం. అదే మాటను ఇంగ్లీషులో రాసి, పక్కన గ్రాఫులు గీసి, చివర రిఫరెన్సులు తగిలిస్తే డిగ్రీ ఇస్తారు. అలాంటి డిగ్రీలు వరసపెట్టి ఇచ్చిన ల్యాబ్ ఒకదాన్ని నేను కళ్లారా చూశాను. కోవెంట్రీ నుంచి పొద్దున రైలెక్కి వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల ఒక ఊళ్లో ఉంది అది. ఊరి పేరు, మనిషి పేరు చెప్పను. మర్యాద కొద్దీ కాదు. చెబితే ఆయన దాన్ని కూడా తన సైటేషన్లలో కలుపుకుంటాడు.

మాది గాజువాక. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 2008లో మాస్టర్స్ చేయడానికి ఇంగ్లండు వచ్చాను. నేను దిగేసరికి ఇక్కడ బ్యాంకులు కూలుతున్నాయి, ఫ్యాక్టరీలు మనుషుల్ని ఇంటికి పంపుతున్నాయి. చదువయ్యాక కొంతకాలం ఒక టేక్‌అవేలో ఉల్లిపాయలు తరిగి, ఆ తర్వాత కోవెంట్రీలో అచ్చులూ పనిముట్లూ చేసే ఒక చిన్న టూల్‌రూమ్‌లో చేరాను. ఈ సంగతి జరిగిన 2014 ప్రాంతానికి అక్కడి స్పార్క్ మెషీన్లన్నీ నా చేతి కిందకి వచ్చాయి.

స్పార్క్ మెషీన్ అంటే, మామూలు కటింగ్ టూల్‌కి లొంగనంత గట్టి లోహాన్ని నిప్పురవ్వలతో తొలిచే యంత్రం. రాగితోనో గ్రాఫైట్‌తోనో కావలసిన ఆకారం చేసుకుని, దాన్ని లోహానికి తగలకుండా వెంట్రుకవాసి దూరంలో నిలబెడతాం. రెండూ నూనెలో మునిగి ఉంటాయి. కరెంటు పెడితే మధ్యలో రవ్వలు పుడతాయి. ఒక్కో రవ్వా కంటికి ఆననంత లోహాన్ని కరిగిస్తుంది. కరిగినదాన్ని నూనె కడిగేస్తుంది. నూనెకు చిక్కనిది అక్కడే మళ్లీ గడ్డకట్టి, గిన్నె అడుగున మాడులా అంటుకుంటుంది. నేను దాన్ని మాడు అనే అనేదాన్ని. ఆ మాడులో సన్నటి పగుళ్లుంటాయి. టంగ్‌స్టన్ కార్బైడ్ లాంటి గట్టి సరుకులో ఆ పగుళ్లు కిందికి దిగుతాయి. వస్తువు పనిలోకి వెళ్లాక ఒకరోజు అంచు పెళుక్కున విరుగుతుంది.

మాకూ విరిగాయి. స్టీవెనేజ్‌లోని ఒక కస్టమర్ మేం చేసిన, రేకుకు కన్నాలు కొట్టే కార్బైడ్ పంచ్‌లను మూలలు విరిగాయని తిప్పి పంపాడు. మాడు తగ్గించాలంటే కరెంటు తగ్గించి నెమ్మదిగా చేయాలని మా బాస్‌కి చెప్పాను. ఆయనకు నెమ్మదిగా అన్న మాట గిట్టదు. ఏదో సెమినార్‌కి వెళ్లి, మా కష్టాలు తీర్చే మనిషి దొరికాడంటూ ఒక ప్రొఫెసర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. తీరా చూస్తే మనవాడే. గుంటూరు వైపు.

సార్‌ని నేను అంతకుముందే చూశాను. లండన్ హారోలో మన తెలుగువాళ్ల ఫంక్షన్లకు వెళితే స్టేజీ మీద ఆయనుండేవాడు, మెడలో శాలువాతో సహా. కష్టపడి చదవాలని పిల్లలకు, పిల్లల్ని కష్టపడి చదివించాలని తల్లిదండ్రులకు బోధ చేసి, అందరికన్నా ముందు భోజనాల వరసలో నిలబడేవాడు. ఆయన చేతికి మెషీన్ నూనె అంటుకుని ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తుండి ఉండదు. మా షాపులో రాగి ఎలక్ట్రోడ్‌ను టిష్యూ పేపర్‌తో పట్టుకుని, సూటుకి దూరంగా పెట్టి, "చూడమ్మాయ్, దీన్ని ఎలక్ట్రోడ్ అంటారు," అన్నాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే అదే. నేను తలూపాను. పక్కన బాస్ ఉన్నాడు మరి.

ఆయన చెప్పిన మందు ఇది. నూనెలో మెత్తటి సిలికాన్ పొడి కలిపితే రవ్వ ఒక్కచోటే గుచ్చుకోకుండా చెదిరిపోతుంది, మాడు పలచబడుతుంది, లోహం అద్దంలా నునుపు తేలుతుంది. పైగా పని ముందుకన్నా వేగంగా అవుతుంది. ఇందులో మొదటి సగం ఆయన కనిపెట్టింది కాదు, ఈ పనిలో ఉన్నవాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిందే. రెండో సగం మాత్రం పూర్తిగా ఆయనదే. నునుపు కావాలంటే వేగం వదులుకోవాలి, వేగం కావాలంటే నునుపు వదులుకోవాలి. సార్‌కి మాత్రం అవ్వా బువ్వా రెండూ దొరికాయట. అందుకు సాక్ష్యంగా తన దగ్గర చదివిన పిల్లల పేపర్లు తెచ్చి బల్ల మీద పరిచాడు.

నేను ఆ పేపర్లు చదివి, వాటిలో రాసినట్టే చేశాను. మెషీన్ ఫిల్టర్‌ని వాడకుండా వేరే చిన్న ట్యాంకు పెట్టాను. పొడి అడుగున పేరుకోకుండా నూనెను తిప్పడానికి స్టిరర్ పెట్టాను. వాళ్లు చెప్పిన కరెంటు, వాళ్లు చెప్పినంత పొడి. నునుపు కాస్త మెరుగైంది. వేగం పెరగకపోగా కొంచెం తగ్గింది. పేపర్లలోని గ్రాఫులకూ నాకు వచ్చినదానికీ పొంతన లేదు.

సార్ మళ్లీ వచ్చినప్పుడు నా అంకెలు చూసి జాలిగా నవ్వాడు. మా బాస్ వైపు తిరిగి, ఈ పద్ధతికి కొంచెం క్రమశిక్షణ కావాలనీ, అందరికీ పట్టుబడదనీ ఇంగ్లీషులో సెలవిచ్చాడు. నాతో తెలుగులో, "తప్పులేదమ్మాయ్, ఒకసారి మా ల్యాబ్‌కి వచ్చి చూసి నేర్చుకో," అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. సరే సార్, తప్పకుండా వస్తానన్నాను. ఆయన నన్ను పిలిచినందుకు ఈనాటికీ పశ్చాత్తాప పడుతూ ఉండాలి.

ల్యాబ్‌లో నాకు మెషీన్ చూపించింది ఆయన పీహెచ్‌డీ స్టూడెంట్. సిరిసిల్ల అమ్మాయి. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం మానేసి వచ్చింది. మూడో ఏడు నడుస్తోంది, థీసిస్ రాయడం మొదలుపెట్టింది. నన్ను చూడగానే అక్కా అని పిలిచి, డబ్బాలోంచి సకినాలు తీసి పెట్టింది. నేను సకినం కొరుకుతూ మెషీన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాను. ఏదో లోటుగా అనిపించింది.

"కవ్వమేదమ్మా?" అన్నాను.

"ఏం కవ్వమక్కా?"

"స్టిరర్. పొడి కలపడానికి వాడామని మీ పేపర్లన్నిట్లోనూ రాశారు కదా."

ఆ పిల్ల మెషీన్ కేసి చూసి, మళ్లీ నా కేసి చూసింది. "అది సీనియర్ల కాలంల ఉండెనట అక్కా. నూనె కారి కింది ఆఫీసు పాడైతే తీసేసిన్రట. మెథడ్ పేరా అందరం గదే వెడ్తం. సార్ గట్లనే పెట్టుమన్నడు."

"మరి పొడి ఎందులో కలుపుతారు?"

"పెద్ద ట్యాంకులనే పోస్తం."

"ఫిల్టర్ ఆపుతారా?"

"లే, ఆన్‌లనే ఉంటది. బంద్ చేస్తే సేఫ్టీ వాళ్లు లొల్లి చేస్తరు."

సకినం నా నోట్లోనే ఆగిపోయింది. ఈ మెషీన్లకు ఫిల్టర్ ఉండేదే నూనెలోని నలుసుల్ని పట్టేయడానికి. కరిగిపోయిన లోహపు నలుసుకీ సార్‌గారి సిలికాన్ పొడికీ తేడా దానికేం తెలుసు? ఆ పొడి రేణువు కన్నా ఫిల్టర్ కాగితం కన్నాలు చిన్నవి. స్పానర్ అడిగి తీసుకుని ఫిల్టర్ మూత విప్పాను. లోపల బూడిద రంగు ముద్ద, ఇంత మందాన, చేత్తో తీస్తే మట్టిలా వచ్చింది. ఆ ఏడాది కొన్న పొడంతా అక్కడే భద్రంగా ఉంది. ట్యాంకులోని నూనెను గాజు గ్లాసులోకి పట్టి వెలుతురుకి పెడితే, అవతలి గోడ మీద వేలాడుతున్న సార్ ఫోటోలు స్పష్టంగా కనిపించాయి.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, బ్యాచి తర్వాత బ్యాచి పిల్లలు సీనియర్ల థీసిస్ తీసుకోవడం, మెథడ్ పేరా దింపుకోవడం, లేని కవ్వాన్ని తిప్పడం. ఒక్కరంటే ఒక్కరు లేచి, సార్ ఇది ఎక్కడుంది అని అడగలేదు. అడిగితే సార్‌ని ఎదిరించినట్టవుతుంది కదా. మనవాళ్లకు గురుభక్తి చిన్నప్పటి నుంచి నూరిపోస్తారు. ఆ భక్తి ముందు ఎదురుగా లేని వస్తువు కూడా ఉన్నట్టే కనపడుతుంది.

ఆ పిల్ల స్టూల్ మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడ్చేవాళ్లంటే నాకు చిరాకు. ఏడవలేదు. "మరి రిజల్ట్స్ ఎట్ల మంచిగొచ్చినయక్కా?" అంది. సార్‌కి ఇన్నేళ్లలో రాని ప్రశ్న అది.

"పొడి లేకుండా చేసిన టెస్టులు ఏ నూనెలో చేశావు?"

"ఉన్న నూనెలనే."

"పొడి వేసినప్పుడు?"

"కొత్త డ్రమ్ము తెరిచినం. పొడి ఏసినంక నూనె ఫ్రెష్‌గ ఉండాలె అని సారే..." అని మధ్యలో ఆపేసింది. అర్థమైపోయింది.

అదీ సంగతి. నల్లగా మాగిన పాత నూనెలో రవ్వ సరిగా రాజదు, మురికి పేరుకుంటుంది, పని నెమ్మదిస్తుంది. కొత్త నూనెలో అన్నీ బాగుంటాయి. పాత నూనెలో వేసిన గారెలనూ కొత్త నూనెలో వేసిన గారెలనూ పక్కపక్కన పెట్టి, తేడా అంతా పిండిలోనే ఉందని ఏళ్ల తరబడి రాశారు. ఇంతాచేసి ఆ ల్యాబ్ సాధించిన అభివృద్ధి ఏమిటంటే, నూనె మార్చడం. మా షాపులో ఆ పనికి ఎవరికీ శాలువా కప్పలేదు.

సార్‌కి చెప్పాం. ఆయన కోపగించుకోలేదు, ఆదివారం మా ఇద్దరినీ ఇంటికి భోజనానికి రమ్మన్నాడు. తిండి పెట్టి నోరు మూయించడం మనవాళ్ల పాత విద్య. ఆంటీ గోంగూర పప్పు, గుత్తి వంకాయ చేసింది. పాపం, ఆవిడ వంటకు వంక పెట్టలేను. సార్ అన్నంలో నెయ్యి వేసుకుంటూ తీరుబడిగా మొదలుపెట్టాడు.

"చూడమ్మాయ్, రీసెర్చిలో ఇయ్యన్నీ సహజం. నామినల్ కాన్సంట్రేషన్ అని ఒక్క మాట చేర్చుకుంటే సరిపోద్ది. ట్యాంకులో ఎంత పోశామో అంతే రాశాం. అందులో అబద్ధమేముంది?"

"పోసింది పోసినట్టే ఫిల్టర్‌లోకి పోయింది కదండీ," అన్నాను.

"అది ఇంప్లిమెంటేషన్ డీటెయిల్."

టేబుల్ చివర కూర్చున్న వాళ్లమ్మాయి, ఇక్కడే పుట్టిన పిల్ల, అంతదాకా ఫోన్‌లో ఉన్నది తలెత్తింది. "సో ఇట్ వాజ్ జస్ట్ క్లీన్ ఆయిల్, డాడ్?" అంది.

ఆంటీ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. సార్ మజ్జిగ అడిగాడు. పదహారేళ్లు నిండని ఆ పిల్లకు ఒక్క వాక్యంలో అర్థమైనది వాళ్ల నాన్నకు అర్థం కాలేదని నేననుకోను. అర్థమైంది కాబట్టే భోజనం పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాపులో నేను ఆ సిరిసిల్ల పిల్లని కడిగేశాను. ఏం చూసుకుని భయం, నోరెందుకు తెరవలేదు, నీ పని నువ్వు చూసుకోలేవా అని. అంతా విని మెల్లగా అంది.

"మీకేమక్కా, మీకు కొలువున్నది. నాకు ఈ ఏడాదితోని ఫండింగ్ అయిపోతది. థీసిస్ ఆగితే వీసా పోతది. అక్కడ కొలువు ఇడిసిపెట్టి వచ్చిన. సిరిసిల్లకు పోయి ఏం జెప్పాలె? మూడేండ్లు చదివి నూనె కొత్తదని కనిపెట్టిన అని చెప్పాల్నా?"

"అయితే నామినల్ అని రాసేసి డాక్టరమ్మవైపో," అన్నాను. బస్సు వచ్చింది. రెండంతస్తుల బస్సులో ఆ పిల్ల పైకెక్కింది, నేను కింద కూర్చున్నాను.

ఆ తర్వాత చాలారోజులు ఫోన్ లేదు. రాసేసి ఉంటుందిలే అనుకున్నాను. ఈ జాతి ఇంతే, ఇంకొకరి పేరా దింపుకోవడానికే పుట్టింది అని ఇంట్లో మా ఆయనతో అన్నాను. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. కాపీ కొట్టడంలో తప్పేముందో ఆయనకు బోధపడలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. "అక్కా, మీ మెషీన్ శనివారాలు ఖాళీగుంటదా?"

"ఎందుకు?"

"టెస్టులన్నీ మల్ల జేస్తా. మా బాపు సాంచెల మీద పని జేస్తడు. పోగు తెగితే సాంచె ఆపుతడు, ముడేసినంకనే మల్ల నడుపుతడు. నేను ఆపకుంట నేసుడైతదా అక్కా?"

సాంచె అంటే వాళ్ల ఊళ్లో మరమగ్గం. బాస్‌ని అడిగి చెబుతానన్నాను. బాస్‌కి కావలసింది విరగని పంచ్‌లు. విరగకుండా చేసే దారి ఏదైనా తేలుతుందంటే శనివారాలు వాడుకోండి, నూనె కింద కారనివ్వకండి అన్నాడు. ప్రొఫెసర్‌ని తెచ్చిన పాపానికి అంతమాత్రం పరిహారం చెల్లించక తప్పదని ఆయనకూ తెలుసు.

ఆ శనివారాలు నా ఓపికకు పరీక్ష. ఆ పిల్ల స్పానర్‌ని చీపురుకట్ట పట్టుకున్నట్టు పట్టుకునేది. ఎలక్ట్రోడ్ బిగించి, వంకరగా ఉందని నేను చెబితే గాని గుర్తించేది కాదు. మూడేళ్ల రీసెర్చి చేసిన మనిషికి డయల్ గేజ్ పెట్టి సూటి చూడటం రాదు. సార్ ల్యాబ్‌లో అవన్నీ టెక్నీషియన్ చేసి పెడతాడట, వీళ్లు బటన్ నొక్కుతారట. "మీ సార్‌కి బటన్ నొక్కడమైనా వచ్చా?" అన్నాను. "నేనైతే చూడలే అక్కా," అంది నిజాయితీగా. అంత కోపంలోనూ నవ్వొచ్చింది.

చేసిన పద్ధతి చాలా సాదా. ప్లాస్టిక్ బకెట్టే మా ట్యాంకు. పెయింటు కలిపే పుల్లను డ్రిల్లుకి తగిలించి నూనెను తిప్పాం. ఫిల్టర్‌కి దారి మూసేశాం. ప్రతిసారీ కొత్త నూనే, పొడి వేసినా వేయకపోయినా. అంటే గారెలు రెండూ ఒకే నూనెలో. పొడి వేస్తే రవ్వ దూకే దూరం పెరిగి తక్కువ కరెంటుతోనే పని జరుగుతుంది, దాంతో నేను ముందు చేసిన తప్పు కూడా బయటపడింది. వాళ్ల పేపర్లోని ఎక్కువ కరెంటు పెట్టి పొడిని తిట్టుకున్నాను. కరెంటు బాగా తగ్గించి, చివర నునుపు చేసే పనికి మాత్రమే పొడి వాడితే అది తన పని చేస్తుంది.

ముక్కల్ని అడ్డంగా కోసి, రుద్ది, మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాం. సార్ శిష్యులు ఈ పని ఎప్పుడూ చేయలేదు. పైన నునుపు కొలిచి, కింద ఏముందో చూడకుండా అద్దం అద్దం అన్నారు. మాకు కనబడింది అద్దమేం కాదు. మాడు పలచగా ఉంది, పగుళ్లు తగ్గాయి. వేగం మాత్రం పెరగలేదు, ఇంకాస్త తగ్గింది. ఆ పిల్ల మైక్రోస్కోప్ మీంచి తల తీసి, "తక్కువనే వచ్చిందక్కా, కాని ఇది నాదే," అంది. ఆ పద్ధతితో చేసిన పంచ్‌లు స్టీవెనేజ్ వెళ్లాయి. తిరిగి రాలేదు.

ఇక థీసిస్. కొత్త ఫలితాలు పెట్టడం సార్‌కి అభ్యంతరం లేదు, ఆయనకు ఇంకో పేపర్ వస్తుంది. ఆయన మండిపడింది ఒక్క అధ్యాయం మీద. ఈ ల్యాబ్‌లో ఇంతవరకూ వచ్చిన ఫలితాలు నమ్మదగినవి కావనీ, పొడి నూనెలో లేదనీ, ఫిల్టర్‌లో ఉందనీ, పాత థీసిస్‌లలో చెప్పిన స్టిరర్ ల్యాబ్‌లో లేదనీ ఆ పిల్ల సాదాగా రాసింది. తిట్టు ఒక్కటీ లేదు. నేనైతే ఇంకా రాసేదాన్ని.

"గురువుకే ఎసరు పెడతన్నావా?" అన్నాడట సార్. ఆ అధ్యాయం తీసేస్తే తప్ప సబ్మిషన్‌కి సరే అననన్నాడు. తీసేస్తే తన దగ్గరే పోస్ట్‌డాక్ ఉద్యోగం, వీసా అన్నీ చూసుకుంటానన్నాడు. ఈ దేశంలో గైడ్ ఒప్పుకోకపోయినా స్టూడెంట్ తన బాధ్యత మీద థీసిస్ ఇవ్వొచ్చు. ఆ సంగతి ఆ పిల్ల రూల్సు చదివి పట్టుకుంది. మన దగ్గర ఇలా చేసిన మనిషిని నేనెన్నడూ వినలేదు. ఇక్కడా ఎవరూ చేయరట, చేసినవాళ్లు చాలామంది ఫెయిలవుతారట. ఫెయిలైతే ఆమె తరఫున మాట్లాడే దిక్కుండదు. పైగా ఇద్దరు ఎగ్జామినర్లలో బయటి నుంచి వచ్చే ఇంగ్లీషువాడైన ప్రొఫెసర్ సార్‌కి స్నేహితుడు, పొడి కలిపిన నూనె మీద బోలెడు పేపర్లు రాసినవాడు.

"ఇస్తున్నక్కా," అని ఫోన్‌లో చెప్పింది. నాకు భయమేసింది. ఆ భయం నాకు నచ్చలేదు. ఒక్క అధ్యాయం తీసేయమని చెప్పాలని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

వైవా రోజున నేను సగంరోజు సెలవు పెట్టి వెళ్లాను. ఆ గది ముందు వరండాలో కుర్చీ ఉంటే కూర్చున్నాను. పిల్ల లోపలికి వెళ్లేటప్పుడు నా వంక చూసింది, నవ్వలేదు. సార్ తన గదిలోనే ఉన్నాడు, తలుపు వేసుకుని. గైడ్ లోపల కూర్చోవచ్చు, కానీ ఆయన కూర్చోనన్నాడు. మునిగే పడవలో కాలు పెట్టడం ఆయన వంటికి పడదు.

లోపలి నుంచి మాటలు వినపడుతున్నాయి కానీ అర్థం కావడం లేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. వచ్చింది ఆ పిల్ల కాదు, సార్ స్నేహితుడైన ఆ ఎగ్జామినర్. పొడుగాటి మనిషి, మొహం ఎర్రబడి ఉంది. నన్ను చూడనైనా లేదు. కిటికీ దగ్గరికి వెళ్లి ఫోన్ తీసి తన ల్యాబ్‌లో ఎవరినో అడిగాడు, మన మెషీన్ ఫిల్టర్ ఆన్‌లో ఉందా లేదా అని. అవతలివాడు ఏదో చెప్పాడు. "నువ్వు అనుకునేది కాదు, వెళ్లి చూడు," అన్నాడు. వాడు వెళ్లి చూసి వచ్చేదాకా ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత థాంక్స్ కూడా చెప్పకుండా పెట్టేశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం తెలుగువాళ్ల సొత్తే అనుకున్నాను ఇంతకాలం. ఆయన మొహం తుడుచుకుని లోపలికి వెళ్లాడు. నేను కుర్చీ అంచులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. తన పరువు పోయిన మనిషి ఏమైనా చేయగలడు. కోపం వస్తే ఆ పిల్లని అక్కడే ముంచేయగలడు.

కాసేపటికి ఆ పిల్లని బయటికి పంపారు, నిర్ణయించుకోవడానికి. మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మళ్లీ పిలిచారు. ఈసారి తలుపు తెరిచే ఉంచారు. చిన్న చిన్న దిద్దుబాట్లతో పాస్ చేశామని ఆ పొడుగాటాయనే చెప్పాడు. ఆ అధ్యాయాన్ని విడిగా పేపర్‌గా అచ్చు వేయించమన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు కష్టమైంది, అయినా అన్నాడు. పోన్లే, ఆ మందలో ఒకడికైనా సిగ్గుంది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఏడ్చేవాళ్లంటే చిరాకని ఇందాక చెప్పాను కదా, ఆ చిరాకు అలాగే ఉంది.

నవ్వులు వినపడగానే సార్ గది తలుపు తెరుచుకుంది. సూటు సర్దుకుంటూ వచ్చి, ఎగ్జామినర్ల చేతులు ఊపి, ప్రతిదాన్నీ ప్రశ్నించాలని తన స్టూడెంట్లకు మొదటి రోజు నుంచీ చెబుతానన్నాడు. ఆ మనిషికి గొంతు కూడా తడబడలేదు. తర్వాత ఆ పిల్ల ఎదుట నిలబడి కుడిచెయ్యి కాస్త పైకెత్తాడు. ఇది ఆయన ల్యాబ్‌లో ఆనవాయితీ. పాసైన ప్రతి మనపిల్లా వంగి కాళ్లకు దండం పెడుతుంది, ఆయన దీవిస్తాడు, ఎవరో ఒకరు ఫోటో తీస్తారు. ఆ ఫోటోలే ల్యాబ్ గోడ నిండా ఉండేవి. నేను పళ్లు బిగించాను. ఇంత చేసిన పిల్ల కూడా ఇప్పుడు వంగుతుందేమోనని.

ఆ పిల్ల వంగలేదు. హ్యాండ్‌బ్యాగు తెరిచి, తాళంచెవి తీసి, దీవించడానికి లేచిన ఆ చేతిలో పెట్టింది.

"ల్యాబ్ తాళం సార్. మెషీన్‌ల కొత్త ఫిల్టర్ ఏసిన. పాతది ల్యాబ్‌ల మీ టేబుల్ మీద పెట్టిన. కొంచెం కారుతుంటది, చూసుకోర్రి."